నలభై రెండు పళ్ళు

లాన్సెస్టన్
9 ఫిబ్రవరి 2004

బెవన్ అన్నయ్యకి,

పొట్లం విప్పకముందే చెబుతున్నాను, నవ్వకు. మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షులు రెండు, కోడిమాంసం రుచి ఉన్న పేస్టు ఒకటి పంపుతున్నాను. రెండూ జెట్టీకి. డిసెంబరులో నువ్వు వాడిని మా కుక్కల క్లినిక్‌కి తెచ్చినప్పుడు పళ్ళ మీది గార గీకడానికి డాక్టర్ ప్రూకి గంటన్నర పట్టింది. పక్కన దీపం పట్టుకుని నిలబడ్డ నర్సును నేనే కదా, నా చెయ్యి ఇంకా లాగుతోంది. అంత గార మళ్ళీ కట్టనిస్తే పళ్ళు పీకడం తప్ప దారి లేదంది ఆవిడ.

ఎలా తోమాలో రాస్తున్నాను. సాయంత్రం వాడి తిండి అయ్యాక నువ్వు మెట్టు మీద కూర్చో. వాడి వీపు నీ మోకాళ్ళకి ఆనించు. మొదటి వారం వేలికి పేస్టు రాసి నాకనివ్వు, అంతే. రెండో వారం ముందు పళ్ళు, ఆ తర్వాత దవడ పళ్ళు. పెదవి కొంచెం ఎత్తి బయటి వైపు తోమితే చాలు, లోపలి వైపు సంగతి నాలుకే చూసుకుంటుంది. కుక్కకి నలభై రెండు పళ్ళు. లెక్కపెట్టుకుంటూ తోము, ఒక్కటి తగ్గినా నాకు రాయి. నీ పేస్టు మాత్రం పెట్టకు. మనమైతే ఉమ్మేస్తాం, వాడు మింగేస్తాడు.

ఇది ఫోన్లో రెండు నిమిషాల పని. నలభై ఏళ్ళు పడవ ఇంజను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. చెవి మిషను కొనిస్తే సొరుగులో పడేశావు. అందుకని నా కోడిగీతలు చదువుకో.

నా మొదటి పాల పన్ను గుర్తుందా? గేలపు తాడు పంటికి కట్టి రెండో కొస పడవల షెడ్డు తలుపుకి ముడేసి, "అదిగో చూడు, పెలికన్" అన్నావు. నేను పైకి చూశాను, నువ్వు తలుపు తన్నావు. నాకు ఆరేళ్ళు, నీకు ఇరవై. నాన్న సముద్రంలో పోయిన ఏడాది. ఆ రోజు నుంచి నువ్వు పక్షిని చూడమంటే నేను నోరు మూసుకునేదాన్ని.

డాఫ్నీ వదిన పోయి ఈ నెలకి రెండేళ్ళు. వాడు ఆమె కుక్క. జాగ్రత్తగా చూసుకో.

నీ చెల్లెలు
నోలీన్


లేడీ బారన్, ఫ్లిండర్స్ దీవి
20 ఫిబ్రవరి

నర్సమ్మా,

పొట్లం అందింది. నా పరువు పోయింది.

నువ్వు చెప్పినట్టే మెట్టు మీద కూర్చుని కుక్క మూతి పట్టుకుని తోముతుంటే మెర్వ్ పడవ కట్టేసి వస్తూ చూశాడు. చూసి ఊరుకుంటాడా? రేవులో అందరికీ చెప్పాడు. "ఏం బెవన్, కుక్కకి పెళ్ళి కుదిరిందా, పెదవికి రంగు కూడా వేస్తావా" అని కాగితం మీద రాసి మరీ నా మొహం ముందు పెట్టాడు. నాకు వినపడదన్న దయ ఒకటి. పక్కింట్లో ఉంటూ ఇరవై ఏళ్ళుగా నా సుత్తి తిరిగివ్వని మనిషికి నా కుక్క పళ్ళ గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదో తెలియదు.

జెట్టీ మొదటి రోజు నా వేలు కొరికాడు. మూడో రోజు పేస్టు ట్యూబే కొరికాడు. ఇప్పుడు సాయంత్రం కాగానే తనే వచ్చి మెట్టు దగ్గర వీపు తిప్పి కూర్చుంటున్నాడు. వెనక నుంచి చూస్తే, డాఫ్నీ తన జుట్టు దువ్వమని కూర్చున్నట్టే ఉంటాడు. ఆఖరి రోజుల్లో దువ్వడానికి ఆమెకి జుట్టు లేదనుకో.

పళ్ళు లెక్కపెట్టాను. ఒకసారి నలభై, ఒకసారి నలభై మూడు వచ్చింది. వాడు కదులుతాడు.

పైపు మానేశాను. పొగ వాడికి పడడం లేదు.

ఒక్క మాట అడగాలి. వాడి నాలుకకి ఎడమ పక్కన, అంచు మీద ఒక పుండు ఉంది. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా. కొన్ని వారాలుగా మానడం లేదు. దానికి ఏం చేస్తారు?

అన్న
బెవన్


లాన్సెస్టన్
1 మార్చి

అన్నయ్యా,

మెర్వ్‌కి చెప్పు, అతని నోట్లో మిగిలిన నాలుగు పళ్ళ కంటే జెట్టీవి ఎక్కువ కాలం ఉంటాయని నేనన్నానని.

పుండు సంగతి. వాలబీ కంగారూల తోక ఎముకలు పడేస్తున్నావా? వండిన ఎముక చీలి గుచ్చుకుంటుంది. అన్నీ ఆపెయ్. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు ఉప్పు కలిపి రోజుకి రెండుసార్లు ఆ చోట కడుగు. వాడికి పుక్కిలించడం రాదు కాబట్టి సూది లేని సిరంజి పంపుతున్నాను.

ఇవి గమనించి రాయి. ఒక పక్కనే నములుతున్నాడా? తింటూ తింటూ వదిలేస్తున్నాడా? చొంగ కారుతోందా? వాసన వస్తోందా? రెండు వారాల్లో మానకపోతే విమానం ఎక్కించెయ్, నేను వచ్చి దింపుకుంటాను. పెద్దదై ఉండదులే. కుక్క నొప్పి దాచుకుంటుంది, అదొక్కటే చిక్కు. తోక ఊపుతూనే ఉంటుంది, తింటూనే ఉంటుంది, మనమేమో తింటోంది కదా అనుకుంటాం. అందుకే నోరు తెరిచి చూడమని నేను ఊరంతా చెప్పుకు తిరిగేది.

నువ్వు పైపు మానడం నమ్మలేకపోతున్నాను. ముప్పై ఏళ్ళు వదిన చెబితే వినలేదు. కుక్క చెబితే విన్నావు.

ప్రేమతో
నోలీన్


లేడీ బారన్
12 మార్చి

చెల్లాయ్,

అడిగినవాటికి జవాబులు. కుడి పక్కనే నములుతున్నాడు. గట్టివి వదిలేస్తున్నాడు. పొద్దున లేచేసరికి దిండు తడిసి ఉంటోంది. వాసన ఉందనే చెప్పాలి. రేవు దగ్గర బల్ల మీద మెర్వ్ ఇదివరకు పక్కనే కూర్చునేవాడు, ఇప్పుడు ఆ చివర కూర్చుంటున్నాడు.

ఉప్పునీళ్ళు వాడుతున్నాం. భలే మండుతాయి. పుండు మానలేదు. కొంచెం గట్టిపడింది.

పళ్ళు మాత్రం రోజూ తోముతున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. పని చెబితే చేసేవాడినే నేను.

ఈ నెలాఖరుకి మటన్‌బర్డ్ వేట మొదలవుతుంది. గుంటల్లోంచి పక్షి పిల్లలను తీసే పాకలన్నీ బాగు చేసుకుంటున్నారు. ఈసారి నాకు దాని మీద మనసు పోవడం లేదు. ఉప్పు ఎక్కువ, నమలడం ఎక్కువ. ఇద్దరికీ ఆలుగడ్డలు మెత్తగా మెదిపి చేస్తున్నాను. వాడికి నచ్చింది.

నొప్పికి మాత్రలేమైనా ఉంటే పంపు. పగలు పరవాలేదు, పడుకుంటే చెవి దాకా లాగుతుంది అనుకుంటాను, చూస్తే తెలుస్తుంది.

బెవన్


లాన్సెస్టన్
22 మార్చి

మా అన్నయ్యకి,

మండుతాయని నీకెలా తెలుసు, వాడు చెప్పాడా? కుక్కని దిండు మీద కూడా పడుకోబెట్టుకుంటున్నావన్నమాట. వదిన ఉన్నప్పుడు వంటింటి గడప దాటనిచ్చేవాడివి కాదు. నీ ఉత్తరం చదివి ప్రూ, నేను ఒకటే నవ్వు.

నవ్విన తర్వాత ప్రూ కొంచెం ఆలోచనలో పడింది. గట్టిపడడం తనకి నచ్చలేదు. డిసెంబరులో వాడి నోరు తను చూసింది కాబట్టి మాత్రలు రాసిచ్చింది. పంతొమ్మిది కిలోల కుక్కకి రోజుకి అర మాత్ర, తిండి తిన్నాక. ఇవి ముప్పై రోజులకి. ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యకు.

ఈస్టరుకి నాలుగు రోజులు సెలవు దొరికింది. వస్తాను. వాడి నోరు నేనే స్వయంగా చూస్తాను. ఆలుగడ్డలు నాకు కూడా మెదుపు.

నోలీన్


లేడీ బారన్
6 ఏప్రిల్

చెల్లాయ్,

ఈస్టరుకి రావద్దు. మెర్వ్‌తో కలిసి మటన్‌బర్డ్ పాకలకి పోతున్నాను, ఇంటికి తాళం. మేలో చూద్దాం.

మాత్రలు అయిపోయాయి. అర మాత్ర సరిపోలేదు.

ఇప్పుడు దవడ కింద కూడా ఒక గడ్డ తగులుతోంది, గోలీకాయంత. కదలదు. ఒకవేళ ఇది చెడ్డ రకమే అయితే అక్కడ మీరు ఏం చేస్తారో మొత్తం రాయి. ఏదీ దాచకు. నేను చిన్నపిల్లాడిని కాదు.

పళ్ళ మీద గార లేదు.

బెవన్


లాన్సెస్టన్
17 ఏప్రిల్

అన్నయ్యా,

ముప్పై రోజుల మాత్రలు పది రోజుల్లో అయిపోయాయా? నీకు మతి ఉందా? వాడు పంతొమ్మిది కిలోల కుక్క, దున్నపోతు కాదు. మూత్రపిండాలు పాడైపోతాయి. ఇంకో మాత్ర పంపేది లేదు.

మొత్తం రాయమన్నావు కదా, రాస్తున్నాను. ముందు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. చెడ్డదని తేలితే నాలుకలో ఆ భాగం, అవసరమైతే దవడలో కొంత కోసేస్తారు. తర్వాత మెల్‌బోర్న్‌లో కరెంటు పెట్టిస్తారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ సగం నాలుకతో బంతి పట్టుకునే కుక్కలను నా కళ్ళతో చూశాను. తొందరగా తేవాలి, అంతే. నెల క్రితమే తేవలసింది. వచ్చే గురువారానికి వాడి పేరు రాయించాను. విమానంలో పెట్టె దొరుకుతుంది. మెర్వ్ చేత ఎక్కించు.

ఎందుకు పంపవో నాకు తెలుసు. నేనడిగినవాటన్నిటికీ జవాబిస్తావు, పంపమన్న ఒక్క మాటకి మాత్రం జవాబు లేదు. వదిన విషయంలో నా మీద కోపం నీకు ఇంకా పోలేదు. "ఇంకొక్క విడత మందు ఎక్కించుకో వదినా" అని ఆమె చేతులు పట్టుకుని బతిమాలింది నేనే. ఆమె ఇక్కడే పోయింది, దీవికి రాకుండా. దానికి నన్ను ఏమన్నా పడతాను. ఆ కోపం కుక్క మీద తీర్చకు. ఈస్టరుకి రావద్దన్నావు, సరే. మెర్వ్ భార్య క్లినిక్‌కి ఫోన్ చేసి మాట్లాడింది. నువ్వు పాకలకే వెళ్ళలేదట. ఇంట్లోనే ఉన్నావట.

అబద్ధం ఆడేంత దూరం పెట్టావా నన్ను?

నోలీన్


లేడీ బారన్
29 ఏప్రిల్

నోలీన్,

అబద్ధం ఆడాను. తప్పే.

డాఫ్నీ విషయం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. పదకొండు వారాలు ఆ మంచం మీద ఉంది. ఆ కిటికీలోంచి చూస్తే కార్లు ఆపే చోటు కనిపించేది. ఎర్ర కారు వచ్చింది, తెల్ల కారు పోయింది అని చెప్పేది నాకు. పెదవులు చూసి అర్థం చేసుకునేవాడిని. ఒక రోజు "గాలి ఎటు నుంచి వీస్తోంది బెవన్" అని అడిగింది. ఆ కిటికీ తెరుచుకోదు. నాకు తెలియదన్నాను. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకి గాలి ఎటు నుంచి వీస్తోందో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

నీ మీద కోపం ఉండేది. ఒక ఏడాది పాటు ఉంది. ఇప్పుడు లేదు. నువ్వు ఆమెని ప్రేమించావు, నీకు తెలిసిన దారి చెప్పావు. కాదనే ధైర్యం నాకు లేకపోయింది. కోపం నా మీద నాకే.

ఇక జెట్టీ. గురువారం పంపలేదు. నువ్వు రేవు దగ్గర, అదే, విమానం దగ్గర ఎదురు చూసి ఉంటావు. క్షమించు.

ఒకటి అడుగుతాను. నర్సుగా చెప్పకు, ప్రూకి చూపించకు. వీడు నీ కుక్క అనుకో. వయసు అయిపోయింది. గొంతు దాకా పోయిందని తెలిసింది. ఇల్లు సముద్రం ఒడ్డున ఉంది. నువ్వైతే ఏం చేస్తావు?

నీ అన్న
బెవన్


లాన్సెస్టన్
10 మే

అన్నయ్యా,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. వారం రోజులు సంచిలో పెట్టుకు తిరిగాను. ఇప్పుడు రాసేది నర్సు కాదు.

నా కుక్క అయితే, గొంతు దాకా పోయిందని తెలిస్తే, కొయ్యనివ్వను. ఇక్కడికి తేను. విమానం చప్పుడు, నున్నటి నేల, తెలియని చేతులు, ఇవేవీ వాడికి చూపించను. ఇంట్లోనే ఉంచుకుంటాను. మెత్తగా చేసి పెడతాను, తిన్నంత తింటాడు. నొప్పికి గట్టి మందు వాడతాను, ఆ విషయంలో మాత్రం మొహమాటపడను. పొద్దున ఎండ పడేచోట, పడవలు కనిపించే వైపు పడుకోబెడతాను. పక్కన కూర్చుంటాను. నీళ్ళ గిన్నె వైపు చూడడం మానేసిన రోజున ఇక చాలనుకుంటాను.

రోజూ మా క్లినిక్ గదిలో చూస్తాను అన్నయ్యా. వాళ్ళ కోసం అంటూ మన కోసం బతికిస్తాం. పాపం ఆ జీవి మన మొహం చూసి తోక ఊపుతుంది, మనమేమో బతకాలని ఉందనుకుంటాం. వదిన కూడా నా మొహం చూసే సరే అంది. ఆమెకి ఇంటికి పోవాలని ఉండింది. నాకు తెలుసు. తెలిసే బతిమాలాను.

కాబట్టి వాడిని పంపకు. పంపమని ఇక అడగను. వాడి వయసుకి ఇంతకన్నా మంచి దారి లేదు. మందు కోసం మీ ఆసుపత్రి డాక్టరమ్మని అడుగు, కావాలంటే ప్రూ ఆమెతో మాట్లాడుతుంది. ఒక్కటే అదృష్టం, కుక్కకి తన జబ్బు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

నీకు తోడుగా ఉండడానికి రానా? ఒక్క ముక్క రాయి, వచ్చేస్తాను.

నీ
నోలీన్


లేడీ బారన్
24 మే

చెల్లాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మడిచి పడవ కాగితాలు పెట్టే రేకు డబ్బాలో దాచాను.

మనసు తేలికపడింది. ఇన్నాళ్ళూ ఒప్పో తప్పో తెలియక కొట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం. పొద్దున పూట ఎండలో, పడవల వైపు.

రావద్దులే. చలి ఎక్కువగా ఉంది, పడమటి గాలి. ఎక్కువ రాయలేను. మెర్వ్ సుత్తి తెచ్చిచ్చాడు. అడగకుండానే.

పళ్ళు తోముతున్నాను.

బెవన్


వైట్‌మార్క్
8 జూన్

నోలీన్,

జెట్టీని గురువారం విమానంలో పంపుతున్నాను. మెర్వ్ ఎక్కిస్తాడు. ఈ ఉత్తరం పెట్టె మూతకి అంటిస్తాడు. ముందు వాడి నోరు తెరిచి చూడు. బాగా చూడు. తర్వాత కాగితం తిప్పు.

(వెనక వైపు)

వాడి నోట్లో ఏమీ లేదు కదా. ఆ పుండు నాది. ఇక్కడ, దీవి ఆసుపత్రిలోనే ఉన్నాను, మంచి మందే ఇస్తున్నారు. నీ దగ్గరికి వస్తే నువ్వు బతిమాలతావు, నేను కాదనలేను. అందుకని వాడి పేరు మీద అడిగాను. వాడు ఏమీ అనుకోడు.

వాడు ఇక నీవాడు. సాయంత్రం తిండి తర్వాత.

అన్న


లాన్సెస్టన్
10 జూన్

అన్నయ్యా,

ఇది పోస్టులో వెయ్యను. రేపటి విమానంలో నేనే పట్టుకొస్తున్నాను. నా మాట నీకు వినపడదు. నా ఎదురుగా చదువు.

విమానాశ్రయం వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి, వాడిని తిన్నగా క్లినిక్‌కి తెచ్చాను. ప్రూ దీపం పట్టుకుంది, నేను నోరు తెరిచాను. నాలుక ఎత్తాను. గులాబీ రంగులో ఉంది, ఒక గీత కూడా లేదు. చిగుళ్ళు పసికందువిలా ఉన్నాయి. గార అన్నదే లేదు. "నోలీన్, నా ఇరవై ఏళ్ళ పనిలో పదేళ్ళ కుక్కకి ఇలాంటి నోరు చూడలేదు. ఏది, పుండు ఎక్కడ" అంది ప్రూ. అప్పుడు కాగితం తిప్పాను.

దిండు తడిసిందని రాస్తే నవ్వాను. మండుతుందని వాడు చెప్పాడా అని నవ్వాను. మెర్వ్ బల్ల చివర కూర్చున్నాడని రాశావు, కుక్క బల్ల మీద కూర్చోదని నాకు తట్టలేదు. పైపు మానేశానంటే ఎగతాళి చేశాను. పంతొమ్మిది కిలోల కుక్క మాత్రలు నువ్వు మింగుతుంటే దున్నపోతు అన్నాను. ముప్పై ఏళ్ళుగా నోళ్ళు తెరిచి చూడడమే నా పని అన్నయ్యా. నిన్ను మాత్రం చూడలేదు.

మే పదో తారీకు ఉత్తరం నేను కుక్కకి రాశాను. నీకు రాయలేదు. నీకైతే వేరే రాసేదాన్ని. మార్చిలో అడిగి ఉంటే పడవేసుకునైనా వచ్చి నిన్ను లాక్కుపోయేదాన్ని. నాలుక పోతే పోయేది, నువ్వు మాట్లాడకపోతే పోయేది, మనకి కాగితాలు ఉన్నాయి కదా. అలా ఎంతమంది బతకడం లేదు? వాడి వయసుకి ఇంతకన్నా మంచి దారి లేదని రాశాను. వాడి వయసుకి. నీకు అరవై ఆరే.

జెట్టీని వెనక్కి తెస్తున్నాను. రేపటి దాకా ఉండు.

నోలీన్


వైట్‌మార్క్ ఆసుపత్రి
12 జూన్

(బెవన్ నోటు పుస్తకంలో)

చదివాను. ఏడవకు, నర్సులు భయపడుతున్నారు.

మార్చిలోనే ఈ డాక్టరమ్మ లాన్సెస్టన్ వెళ్ళమంది. మేలో మళ్ళీ అంది. నీ ఉత్తరం చూపించాను. కుక్క అన్న మాట ఉన్న చోట మడిచి, మా చెల్లెలు పెద్ద నర్సు, ఇలా అంది అని చూపించాను. ఆమె ఇక అడగలేదు. ఆ మోసం నాది, నీది కాదు.

అన్నగా అడిగితే నువ్వు అబద్ధం చెప్పేదానివి. కుక్క గురించి అడిగితే నిజం చెప్పావు. నాకు కావలసింది నిజం.

(అదే పుస్తకంలో, నోలీన్)

అవును, అబద్ధమే చెప్పేదాన్ని. ఆ అబద్ధంతో నువ్వు ఇంకో అయిదేళ్ళు ఉండేవాడివేమో. నాకు నిజం అక్కర్లేదు. నువ్వు కావాలి. నాకు ఆరేళ్ళప్పటి నుంచి అన్నీ నువ్వే కదా.

(బెవన్)

పెలికన్‌ని చూడు అని అబద్ధం చెప్పి పన్ను పీకాను. నీకు నొప్పి తెలియలేదు కదా. ఇదీ అంతే అనుకున్నాను.

(నోలీన్)

తెలిసింది. నువ్వు బాధపడతావని చెప్పలేదు.


14 జూన్

(బెవన్, పెద్ద అక్షరాలతో)

గాలి మారింది. దక్షిణం నుంచి. కిటికీ కొంచెం తెరువు.

(నోలీన్)

తెరిచాను. జెట్టీ బయట వరండాలో ఉన్నాడు, నీ వైపే చూస్తున్నాడు. నీళ్ళు కొంచెం తాగుతావా? గిన్నె ఇక్కడే ఉంది. ఒక్కసారి ఇటు చూడు.

(బెవన్)

వద్దు. ఇవాళ వాడి పళ్ళు తోమావా?

(నోలీన్)

లేదు. నిన్ను వదిలి వెళ్ళను.

(బెవన్)

వెళ్ళి తోమిరా. లెక్కపెట్టి చెప్పు. నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు.


లేడీ బారన్
16 జూన్ 2004

అన్నయ్యా,

నువ్వు పంపితేనే వెళ్ళాను. వరండా మెట్టు మీద కూర్చున్నాను. నేను పిలవకముందే వాడు వచ్చి వీపు తిప్పి నా మోకాళ్ళకి ఆనుకున్నాడు. నీకు నేర్పిన పద్ధతే నేను మరిచిపోయాను, వాడే తల తిప్పుతూ ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క చూపించాడు. కదలలేదు. నేను లేచి వచ్చేసరికి నర్సు నీ మంచం పక్కన నిలబడి ఉంది. పెన్ను నీ చేతిలోనే ఉంది, మూత కూడా పెట్టలేదు.

నన్ను బయటికి పంపడానికే అడిగావా, నిజంగానే అడిగావా? పక్షిని చూడమన్నప్పుడల్లా నువ్వు ఏదో ఒకటి చేస్తావని నాకు తెలిసి ఉండవలసింది.

రేపు నిన్ను వదిన పక్కన పెడుతున్నాం. మెర్వ్ పెట్టెకి మేకులు తనే కొడతానన్నాడు, నీ సుత్తితో. అతను ఏడుస్తుంటే చూడలేకపోయాను. ఈ కాగితం నీ చొక్కా జేబులో పెడతాను. నువ్వు అడిగావు, జవాబు అందకుండానే పోయావు, అందుకే రాస్తున్నాను.

తోమాను. పైన ఇరవై, కింద ఇరవై రెండు. రెండుసార్లు లెక్కపెట్టాను.

నలభై రెండూ ఉన్నాయి అన్నయ్యా.

నోలీన్